అడుగుకు జవాబు చెప్పే చప్పుడు

(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల గిరిజన యువత సభలో చేసిన ప్రసంగానికి వ్రాత రూపం)

  

మేము గిరిజన సంక్షేమ వసతిగృహాల్లో పనిచేసే వార్డెన్లం. పొద్దున పిల్లల్ని లేపే దగ్గర నుంచి రాత్రి హాజరు వేసే దాకా మా పని ఉంటుంది. టీచర్ ట్రైనింగ్ చదువుకున్నవాళ్ళం కాబట్టి సాయంత్రం స్టడీ అవర్, గ్రౌండులో పీటీ, ఆగస్టు 15కు, ఆదివాసీ దినోత్సవానికి, సేవాలాల్ జయంతికి డ్యాన్సులు నేర్పించే పని కూడా మా మీదనే పడుతుంది. సంస్కృతి గురించి మాట్లాడమని సంఘం వాళ్ళు పిలిచారు. పెద్ద పెద్ద మాటలు చెప్పే పెద్దలు ఇక్కడ చాలామంది ఉన్నారు. మేము మాకు చేతనైన ఒక్క సంగతి చెప్పి కూర్చుంటాం.

ఆ సంగతి ఇది. ఆట కానీ, పరుగు కానీ, చేతిపని కానీ, ఒంటితో చేసే ఏ పనినైనా మన జాతుల్లో పుస్తకం పెట్టి నేర్పలేదు. చప్పుడు పెట్టి నేర్పారు. ఈ రోజు ప్రపంచంలో పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు, క్రీడా శిక్షణ కేంద్రాలు అదే పద్ధతిని పరికరాలు పెట్టి పరీక్షించి చూస్తున్నాయి. మనమేమో ఉన్నదాన్ని డీజే బాక్సుల కింద పెట్టి తొక్కేస్తున్నాం. ఎట్లా తొక్కేస్తున్నామో, దాన్ని ఎట్లా నిలబెట్టుకోవచ్చో చెప్పుకుందాం.

మూడు రకాల చప్పుళ్ళు

ఒంటికి పని నేర్పే చప్పుళ్ళు మూడు రకాలు.

మొదటిది ముందు నడిచే చప్పుడు. అడుగు ఎప్పుడు వేయాలో అది చెబుతుంది. గంగారం, కొత్తగూడ మండలాల కోయ గూడేల్లో డోలు మోగితే కాళ్ళు వాటంతట అవే లేస్తాయి. కొమ్ము ఆటలో మగవాళ్ళు తలకు కొమ్ములు కట్టుకొని డోలు వాయిస్తుంటే ఆడవాళ్ళు చేతులు పట్టుకొని వలయం కడతారు. రేల ఆటలో పాటే తాళమవుతుంది. మహబూబాబాద్, జనగామ తండాల్లో తీజ్ తొమ్మిది రోజులూ గోధుమ మొలకల బుట్టల చుట్టూ ఆడపిల్లలు ఆడేటప్పుడు చప్పట్లు ఆ పని చేస్తాయి. నగారా, కంచు పళ్ళెం చేసే పని కూడా అదే.

రెండోది మన ఒంటి నుంచే పుట్టే చప్పుడు. అడుగు ఎట్లా పడిందో అది చెబుతుంది. గజ్జె అందుకే కడతాం. అందం కోసమే అయితే మెడలో కట్టుకుంటే సరిపోయేది. పన్నెండు మంది ఆడపిల్లలు వలయంలో ఒకేసారి అడుగు వేస్తే పన్నెండు జతల గజ్జెలు ఒక్కసారే ఝల్లుమంటాయి. ఒక పిల్ల కొంచెం వెనకబడితే ఆ ఝల్లు వెనక ఇంకో చిన్న ఝల్లు వినపడుతుంది. ఆ రెండో ఝల్లు ఎవరిదో ఎవరూ చెప్పనక్కర లేదు. వేసిన పిల్ల చెవికే ముందు తెలుస్తుంది. తరువాతి అడుగులో తనే సర్దుకుంటుంది.

ఇది ఆటకే పరిమితం కాదు. ఒకే రోట్లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు రోకళ్ళు వేసి దంచడం మీ నాయనమ్మలను అడగండి. ఒకరి రోకలి లేచేటప్పుడు ఇంకొకరిది దిగాలి. కళ్ళతో చూసి ఆ పని చేయలేరు, చెవితోనే చేస్తారు. గొడ్డలి దెబ్బ సరిగ్గా దిగితే ఒక చప్పుడు, పక్కకు జారితే ఇంకో చప్పుడు. కట్టె కొట్టడం నేర్చుకునే పిల్లవాడు ఆ తేడా వింటూనే నేర్చుకుంటాడు.

మూడోది నేర్పే మనిషి ఇచ్చే చప్పుడు. ఇప్పుడు వేసిన అడుగు బాగుందని అది చెబుతుంది. వలయం మధ్యలో నిలబడ్డ పెద్దమ్మ సరిగ్గా అడుగు పడిన క్షణంలో "హా!" అంటుంది. డోలు వాయించే తాత సరైన చోట ఒక దెబ్బ గట్టిగా వేస్తాడు. ఆ ఒక్క చప్పుడుతో పిల్లకు "ఓహో, ఇదే అడుగు" అని అర్థమవుతుంది.

ఒకటి ఎప్పుడు వేయాలో చెబుతుంది. ఒకటి ఎట్లా వేశావో చెబుతుంది. ఒకటి బాగా వేశావని చెబుతుంది. మూడూ కలిస్తేనే నేర్పు. మన ఆటల్లో మూడూ ఉన్నాయి.

ఈ గజ్జె విద్య మన నేల మీద ఎంత పాతదో ఒక్క మాటలో చెబుతాం. కాకతీయ గణపతిదేవుని దగ్గర గజదళానికి అధిపతిగా ఉన్న జాయప సేనాని 13వ శతాబ్దంలో నృత్తరత్నావళి అనే గ్రంథం రాశారు. ఓరుగల్లు పేరిణి నాట్యం గురించి అందులో ఉంది. ఆ పేరిణికి చెప్పే అంగాల్లో ఘర్ఘరం ఒకటి. అంటే పాదంతో గజ్జెలను రకరకాలుగా మోగించే విద్య. పాదం మీద ఎంత పట్టు ఉంటే గజ్జె మీద అంత పట్టు. పాలంపేట రామప్ప గుడికి పోయినప్పుడు నాట్యం చేసే శిల్పాల కాళ్ళ వైపు ఒకసారి చూడండి.

చెవి ఎందుకంత చురుకు

బీఎడ్‌లో మేము థార్న్‌డైక్ ఫలిత నియమం చదువుకున్నాం. చేసిన పనికి మంచి ఫలితం వెంటనే కనిపిస్తే ఆ పని నిలిచిపోతుందని దాని సారాంశం. ఆ నియమంలో అసలు బలం "వెంటనే" అన్న మాటలో ఉంది. అడుగు వేయడానికి అర సెకను చాలు. ఆట అంతా అయిపోయాక పిల్లను పిలిచి "మూడో వరుసలో నీ ఎడమ కాలు బాగా పడింది" అంటే ఏ అడుగో ఆమెకు గుర్తుండదు. మాట పొడుగు, అడుగు పొట్టి. చప్పుడు మాత్రం అడుగంత పొట్టిగా ఉండగలదు.

ఇంకో సంగతి. వెలుగు చూసి కదలడానికి మనిషికి సుమారు 0.2 సెకను పడితే, చప్పుడు విని కదలడానికి అంతకన్నా తక్కువ, సుమారు 0.15 సెకను పడుతుంది. కంటిలో పడ్డ వెలుగు మెదడుకు చేరే దారి చెవి దారి కన్నా నిదానం. పరుగు పందెం తుపాకీ చప్పుడుతో మొదలవుతుంది. చప్పుడైన 0.1 సెకనులోపే కదిలితే ఫాల్స్ స్టార్ట్ అంటారు, ఎందుకంటే అంత త్వరగా విని కదలడం మనిషికి సాధ్యం కాదని లెక్క.

జర్మనీలో పడవ పందెం ఆటగాళ్ళకు సోఫిరో అనే పరికరం పెట్టి శిక్షణ ఇచ్చారు. తెడ్డు వేసే కొద్దీ పడవ కదలిక ఎట్లా మారుతుందో అది స్వరంగా మార్చి వినిపిస్తుంది. పడవ ముందుకు దూకితే స్వరం పైకి లేస్తుంది, వెనక్కి లాగితే కిందికి దిగుతుంది. ఆటగాడు ఆ స్వరం వింటూ తెడ్డు సర్దుకుంటాడు. ఇది వినగానే మాకు తోచింది ఒక్కటే: వాళ్ళు పడవకు గజ్జె కట్టారు!

అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో మైఖేల్ థాట్ బృందం 1990లలో పక్షవాతం వచ్చినవాళ్ళను, పార్కిన్సన్ జబ్బుతో అడుగు తడబడేవాళ్ళను తాళం వినిపిస్తూ నడిపించి చూసింది. తాళం వింటూ నడిస్తే అడుగు సమంగా పడింది, పొడవూ పెరిగింది. ఇప్పుడు చాలా దేశాల్లో ఫిజియోథెరపీలో ఈ పద్ధతి వాడుతున్నారు. మీ ఇంట్లో పక్షవాతం నుంచి లేస్తున్న తాత ఉంటే, ఫిజియోథెరపీ డాక్టరును ఈ విషయం అడగండి. మనకు తాళం కొత్త కాదు కదా.

డోలు వింటుంది, పెన్‌డ్రైవ్ వినదు

ఇప్పుడు అసలు బాధ దగ్గరికి వద్దాం.

ఈ మధ్య ఏ పోటీకి పోయినా, ఏ పండుగకు పోయినా మన జట్ల చేతిలో పెన్‌డ్రైవ్ ఉంటున్నది. పాట రికార్డు, డోలు రికార్డు, ఆఖరికి గజ్జెల చప్పుడు కూడా రికార్డే. స్టేజీ కింద పెద్ద పెద్ద బాక్సులు. కాళ్ళకు గజ్జెలు కట్టుకుంటారు, కానీ కట్టుకున్న పిల్లకే వాటి చప్పుడు వినపడదు.

కొందరు తమ్ముళ్ళు మమ్మల్ని అడిగారు, "మేడం, రికార్డు డోలు కూడా డోలే కదా, తాళం తాళమే కదా?" అని. మంచి ప్రశ్న. జవాబు చెబుతాం.

డోలు వాయించే మనిషి చూపు ఎక్కడ ఉంటుందో ఎప్పుడైనా గమనించారా? ఆడేవాళ్ళ కాళ్ళ మీద ఉంటుంది. కొత్త పిల్లలు వలయంలోకి వస్తే ఆయన చేయి నిదానిస్తుంది. వలయం కుదురుకున్నాక వేగం పెంచుతాడు. ఎవరో తడబడితే ఒక దెబ్బ గట్టిగా వేసి అడుగు అందిస్తాడు. అంటే డోలు మనకు వినిపించడమే కాదు, మన అడుగును వింటుంది కూడా. పెన్‌డ్రైవ్ వినిపిస్తుంది కానీ వినదు. మనం తప్పినా దానికి పట్టదు, ఒప్పినా పట్టదు. దాని వెంట పరుగెత్తడమే మన పని అవుతుంది. మొదటి రకం చప్పుడు ఒక్కటే మిగిలింది, మిగతా రెండూ పోయాయి. అందుకే మన పిల్లలు చేతులు బాగా ఊపుతున్నారు, కాళ్ళు మాత్రం మట్టసంగా పడడం లేదు. రీల్స్ చూసి నేర్చుకున్న ఆటలోనూ ఇదే లోటు. ఫోను మనకు చూపిస్తుంది, మనల్ని చూడదు.

కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారు మీకందరికీ తెలుసు. మణుగూరు మండలం కూనవరం ఆయన ఊరు. డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథను, కోయ వీరుల కథలను పాడేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చి ప్రభుత్వం గౌరవించింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. ఆయన పాటలను రికార్డు చేసుకుంటే మిగులుతాయి. కానీ ఎదురుగా ఉన్న మనిషిని చూసి దెబ్బ మార్చే ఆ చేయి రికార్డులో మిగలదు. అది ఇంకో చేతికి ఎక్కాలి. ఎక్కాలంటే పెద్దలు ఉండగానే పక్కన కూర్చోవాలి. మీ ఊళ్ళో డోలు వాయించే పెద్దలు ఎందరున్నారో, వాళ్ళ దగ్గర నేర్చుకునే పిల్లలు ఎందరున్నారో వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి. రెండో లెక్క మొదటి లెక్క కన్నా తక్కువైతే మనం ప్రమాదంలో ఉన్నట్టే.

తిట్టు కన్నా టిక్కు మేలు

మూడో రకం చప్పుడు గురించి, అంటే నేర్పే మనిషి ఇచ్చే చప్పుడు గురించి కొంచెం వివరంగా చెబుతాం. మీలో చాలామంది రేపు తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఆట నేర్పేవాళ్ళు, కబడ్డీ, ఖోఖో జట్లను తయారు చేసేవాళ్ళు. మీకిది పనికొస్తుంది.

మనం నేర్పేటప్పుడు ఎక్కువగా ఏం మాట్లాడతాం? "అట్లా కాదు", "మళ్ళీ తప్పావు", "నీకు ఎన్నిసార్లు చెప్పాలి". ఈ మాటలన్నీ తప్పు గురించే. ఒప్పు ఎట్లా ఉంటుందో వీటిలో ఒక్క మాట కూడా చెప్పదు.

అమెరికాలో థెరిసా మెకీన్ అనే జిమ్నాస్టిక్స్ కోచ్ ఒక పద్ధతి తయారు చేశారు. దాన్ని ట్యాగ్‌టీచ్ అంటారు. చేతిలో టిక్కుమనే చిన్న డబ్బీ ఉంటుంది. పిల్ల సరిగ్గా చేసిన క్షణంలోనే టిక్. తప్పితే ఏమీ అనరు, చప్పుడు రాదు, అంతే. ఇది కారెన్ ప్రయర్ అనే ఆమె పని నుంచి వచ్చింది. ఆమె హవాయిలో డాల్ఫిన్లకు విజిల్ చప్పుడుతో శిక్షణ ఇచ్చారు. ఇది వినగానే "మా పిల్లలు జంతువులా" అని మీకు కోపం రావచ్చు. మాకూ మొదట ఆ ప్రశ్నే వచ్చింది. కానీ ఆలోచిస్తే, డాల్ఫిన్‌ను తిట్టలేం, కొట్టలేం, అది ఈదుకుంటూ పోతుంది. అందుకే వాళ్ళు ఒప్పును గుర్తించి చెప్పే దారి వెతుక్కున్నారు. తిట్టడానికి, కొట్టడానికి వీలున్న చోట మనుషులు ఆ దారి వెతకలేదు. సిగ్గుపడాల్సింది అక్కడ.

ఇది డాక్టర్లకు కూడా పనికొచ్చింది. 2016లో న్యూయార్క్ నుంచి ఒక అధ్యయనం వచ్చింది. పన్నెండు మంది వైద్య విద్యార్థులకు ఎముకల ఆపరేషన్లో వాడే ఒక ముడి వేయడం, ఏటవాలుగా రంధ్రం వేయడం నేర్పారు. సగం మందికి చేసి చూపించారు. మిగతా సగం మందికి పనిని చిన్న చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్క సరిగ్గా రాగానే టిక్కుమనిపించారు. రెండో జట్టుకు నేర్పడానికి ఎక్కువ సమయం పట్టింది, కానీ పని కచ్చితంగా చేసినవాళ్ళు ఆ జట్టులోనే ఎక్కువ.

మన హాస్టళ్ళలో దీనికి డబ్బీ కూడా అక్కర లేదు. బాల్ పెన్ను టిక్కు చాలు. గ్రౌండులో అయితే రెండు కోలలు తాకిస్తే చాలు. చేయాల్సిన పద్ధతి మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఒకసారికి ఒక్క అంశమే. "కుడి కాలు గీత మీద" అంటే కుడి కాలే చూడాలి. ఆ సమయంలో చేతులు ఎట్లున్నా పట్టించుకోవద్దు.

చేయాల్సింది చెప్పాలి, చేయకూడనిది కాదు. "వంగకు" అనకుండా "వీపు నిటారుగా" అనాలి.

అంశం కంటికి కనపడాలి. "బాగా ఆడు" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "మోకాలు నడుము దాకా" అంటే ఇద్దరికీ తెలుస్తుంది.

మాటలు నాలుగైదుకు మించొద్దు.

టిక్కు ఆ క్షణంలోనే పడాలి. ఆలస్యమైతే తరువాతి అడుగుకు పడుతుంది.

మూడుసార్లు చేసినా టిక్కు రాకపోతే తప్పు పిల్లది కాదు, మనం ఇచ్చిన అంశం పెద్దదైందని అర్థం. దాన్ని ఇంకా చిన్నది చేయాలి.

పిల్లలు ఒకరికొకరు టిక్కు ఇచ్చుకోవడం ఇంకా మేలు. టిక్కు ఇవ్వాలంటే ఎదుటి పిల్ల కాలు శ్రద్ధగా చూడాలి. చూస్తూ చూస్తూ తనూ నేర్చుకుంటుంది.

మా హాస్టళ్ళకు ఇది ఎందుకంత అవసరమో చెబుతాం. మా దగ్గర చేరే పిల్లల్లో ఒకరు ఇంట్లో గోర్ బోలి మాట్లాడేవాళ్ళు, ఒకరు కోయ మాట్లాడేవాళ్ళు. భూపాలపల్లి, ములుగు అడవుల వైపు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడ్డ గుత్తికోయ కుటుంబాల పిల్లలూ ఉంటారు. మూడో తరగతి పిల్లకు "ఎడమ", "కుడి", "మడమ", "మునివేళ్ళు" అన్న తెలుగు మాటలే కొత్త. మనం మాట రాక అడుగు తప్పిన పిల్లను ఆట రాని పిల్ల అనుకుంటాం. ఆ పిల్ల కూడా అదే నమ్ముతుంది, వెనక వరుసలోకి పోతుంది, ఆ తరువాత ఆటకే రాదు. టిక్కుకు భాష లేదు. గోర్ బోలిలోనూ టిక్కు టిక్కే, కోయలోనూ టిక్కే. ఒకే రోజు చేరిన ముగ్గురు మూడు భాషల పిల్లలకు అది ఒకే మాట చెబుతుంది: "బాగుంది బిడ్డా."

చూపు లేకున్నా చెవి ఉంది

అంధుల క్రికెట్ మీలో ఎందరు చూశారు? ఆ బంతి తెల్లటి గట్టి ప్లాస్టిక్ బంతి, లోపల చిన్న ఇనుప గుండ్లు ఉంటాయి. దొర్లినంతసేపూ గలగలమంటుంది. బౌలర్ చేయి కింది నుంచి వేస్తాడు, వేసే ముందు బ్యాటర్‌ను "రెడీ?" అని అడగాలి, బ్యాటర్ అవునన్నాక "ప్లే" అని అరిచి బంతి వదలాలి. ఆట మొత్తం చప్పుడు మీద నడుస్తుంది.

2025 నవంబర్‌లో కొలంబోలో అంధ మహిళల తొలి టీ20 ప్రపంచ కప్ ఫైనల్ జరిగింది. మన దేశం నేపాల్‌పై గెలిచింది. ఆ ఫైనల్లో ఒడిశా ఆదివాసీ బిడ్డ ఫూలా సరేన్ 44 పరుగులతో నాటౌట్‌గా నిలిచింది. పాడేరు ఏజెన్సీ నుంచి వచ్చిన పాంగి కరుణ కుమారి కూడా ఆ జట్టులో మెరిసింది. మన తండాలో, గూడెంలో చూపు తక్కువ ఉన్న పిల్ల ఉంటే "పాపం" అని ఇంట్లో కూర్చోబెట్టకండి. బంతిలో గజ్జెలు వేయండి. గ్రౌండుకు తీసుకురండి. వలయంలో ఇద్దరి మధ్య నిలబెట్టండి. చేతులు పట్టుకొని ఆడే మన ఆటలు ఆ పిల్లకు ముందే తయారుగా ఉన్నాయి.

పరుగుకూ, ప్రాణానికీ

యువతకు కావాల్సిన ఇంకో రెండు విషయాలు.

మొదటిది పోలీసు ఉద్యోగాల పరుగు. 2022 నోటిఫికేషన్‌లో పురుషులకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలన్నారు. మన పిల్లలు చేసేదేమిటంటే మొదటి రౌండు బాణంలాగా పోయి, చివరి రౌండులో నడుస్తారు. దీనికి చప్పుడు మందు ఉంది. గ్రౌండులో ప్రతి 100 మీటర్లకు ఒక గుర్తు పెట్టండి. ఒకరు నిలబడి మగపిల్లలకు ప్రతి 27 సెకన్లకు, ఆడపిల్లలకు ప్రతి 38 సెకన్లకు విజిల్ వేయాలి. విజిల్ పడేసరికి గుర్తు దగ్గర ఉండాలి. ముందే చేరితే నిదానించాలి, వెనకబడితే పుంజుకోవాలి. ఈ లెక్కన 1600 మీటర్లు 7 నిమిషాల 12 సెకన్లలో, 800 మీటర్లు 5 నిమిషాల 4 సెకన్లలో అయిపోతాయి. పరుగెత్తేటప్పుడు మీ పాదాల చప్పుడు కూడా వినండి. ధన్‌ధన్‌మని మోగితే దెబ్బ మోకాళ్ళకు తగులుతోందని అర్థం. చప్పుడు తగ్గేట్టు పరుగెత్తమంటే చాలు, పాదం దానంతటదే మెల్లగా ఆనడం నేర్చుకుంటుంది.

రెండోది సీపీఆర్. గుండె ఆగిన మనిషి ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతున నొక్కాలి. ఆ వేగం మాటలతో చెబితే ఎవరికీ అందదు, తాళం వేసి చెబితే వెంటనే అందుతుంది. శిక్షణకు వాడే బొమ్మల్లో చాలా వాటిలో సరైన లోతుకు నొక్కితేనే టక్కుమని చప్పుడు వస్తుంది. అదే మూడో రకం చప్పుడు. ఫోనులో మెట్రోనోమ్ యాప్ వేసి 110కి పెట్టి, ఆ తాళం చేతికి ఎక్కేదాకా అలవాటు చేసుకోండి. అంబులెన్స్ రావడానికి సమయం పట్టే ఊళ్ళు మనవి. శిక్షణ ఇచ్చే చోటు కనపడితే వదలొద్దు.

చప్పుడును మెల్లగా తీసేయాలి

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ప్రతి అడుగుకూ టిక్కు కొడుతూ పోతే పిల్ల టిక్కు కోసమే ఆడుతుంది. అది ఆగితే అడుగూ ఆగుతుంది. సాల్మొని, ష్మిట్, వాల్టర్ అనే పరిశోధకులు 1984లోనే ఈ సంగతి చెప్పారు. ప్రతిసారీ సాయం అందితే అప్పటికి బాగా చేస్తారు, సాయం తీసేస్తే నిలవదు. కాబట్టి మొదట ప్రతిసారీ, తరువాత రెండు మూడుసార్లకు ఒకసారి, ఆ తరువాత అప్పుడప్పుడు. చివరికి పిల్ల తన గజ్జె తనే వినాలి.

మన పెద్దలు ఈ పని ఎంత తేలిగ్గా చేశారో చూడండి. చిన్న పిల్లను మొదట ఇద్దరు అనుభవం ఉన్న ఆడవాళ్ళ మధ్య నిలబెడతారు. కొన్నాళ్ళకు వలయం చివరికి పంపుతారు. ఒక రోజు ఆ పిల్ల చేయి పట్టుకోవడానికి ఇంకో చిన్న పిల్ల వస్తుంది. అప్పటికి ఆమెకు ఎవరి చప్పుడూ అక్కర లేదు. ఆమె అడుగే ఇంకొకరికి చప్పుడవుతుంది.

మీరు చేయగలిగింది

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మేము డీజే వద్దని మీతో కొట్లాడడానికి రాలేదు. పెళ్ళి బరాతులో వయసు పిల్లలు ఆడుకుంటారు, ఆడుకోండి. రాత్రి 10 తరువాత లౌడ్ స్పీకర్లు వద్దని చట్టమే చెబుతోంది, అది పాటించండి. కానీ తీజ్ దగ్గర, కొలుపు దగ్గర, పోటీ స్టేజీ మీద మన ఆట ఆడేటప్పుడు నాలుగు పనులు చేయండి.

ఒకటి, మన ఆటకు డోలు కానీ, నగారా కానీ, చప్పట్లు కానీ, ఎదురుగా మనిషి ఉండి వాయించాలి. పోటీలు పెట్టే సంఘాలు రికార్డు పాటకు వేరే విభాగం పెట్టుకోవచ్చు, సంప్రదాయ ఆటకు మాత్రం మనిషి చేయే ఉండాలి.

రెండు, అభ్యాసం చేసేటప్పుడు రోజూ పది నిమిషాలు పాట, వాద్యం అన్నీ ఆపి, గజ్జెల చప్పుడు మీదనే ఆడండి. ఎవరి ఝల్లు వెనకబడుతోందో ఎవరికి వాళ్ళే వినండి.

మూడు, ప్రతి ఊరి నుంచి కనీసం ఇద్దరు పిల్లలు డోలు తాత దగ్గర కూర్చోవాలి. ఫోనులో ఆయన చేతులను వీడియో తీసుకోండి, మంచిదే. కానీ తీసి ఊరుకోకండి. ఆయన ఎదురుగా వాయించి, ఆయన "హా!" అనేదాకా వాయించండి.

నాలుగు, నేర్పేటప్పుడు తిట్టు నోటి దాకా వస్తే ఆగి, ఒప్పు ఎక్కడ ఉందో వెతికి, దానికి ఒక చప్పట కొట్టండి. ఒక చప్పటకు ఖర్చు లేదు. తిట్టుకు మాత్రం చాలా ఖర్చవుతుంది, ఒక్కోసారి ఒక పిల్లనే పోగొట్టుకుంటాం.

ఈ సభ అయిపోయాక బయట మైదానంలో ఆట ఉందన్నారు. డోళ్ళు, నగారా తెచ్చారట. మైకు ఆపమని నిర్వాహకులను అడిగాం, ఒప్పుకున్నారు. గజ్జెలు ఉన్నవాళ్ళు కట్టుకొని రండి. లేనివాళ్ళు ఉన్నవాళ్ళ చేయి పట్టుకోండి.

 జై సమ్మక్క సారలమ్మ. జై సేవాలాల్.